పెద్దాయనకి బ్యాకప్

ఆ పార్సిల్ కంపెనీలో కంప్యూటర్లన్నీ చూసుకునే ఉద్యోగిని అందరూ బ్యాకప్ గారు అని పిలిచేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకి రాదు. ఆయన బ్యాగులో రెండు గొడుగులు ఉంటాయి, ఒకటి తెరుచుకోకపోతే ఇంకొకటి. ముక్కు మీద ఒక కళ్ళజోడు, జేబులో ఇంకొకటి. ఇంటి తాళానికి నాలుగు చెవులు చేయించి, నాలుగు చోట్ల దాచి, ఎక్కడ దాచారో మరిచిపోయి, ఒక ఆదివారం పక్కింటివాళ్ళు చూస్తుండగా వంటింటి కిటికీలోంచి సొంత ఇంట్లోకి దూరిన ఘనత కూడా ఆయనదే.

ఆ రోజు పొద్దున ఆయన కాఫీ కప్పు ముందు పెట్టుకుని చెంచా తిప్పుతూ కూర్చున్నారు.

"ఏమిటండీ, ఎంతసేపు తిప్పుతారు? పంచదార ఎప్పుడో కరిగిపోయింది," అంది ఆయన భార్య.

"ఇవాళ డ్రిల్లు."

"ఈ వయసులో మిమ్మల్ని పరుగెత్తిస్తారా?"

"నన్ను కాదు, సర్వరుని. ఆఫీసులో ఉన్న పెద్ద సర్వరుని కావాలని ఆపేస్తాను. అది కాలిపోయిందనో, నీళ్ళలో మునిగిందనో అనుకుని, గోదాములో ఉన్న రెండో సర్వరు మీద పని నడిపించాలి. ఒక మందుల కంపెనీ నుంచి తనిఖీకి ఒకావిడ వస్తోంది. డ్రిల్లు సరిగ్గా జరిగితేనే వాళ్ళ పార్సిళ్ళు మాకిస్తారు. లేకపోతే లేదు."

"మూడేళ్ళ నుంచి రోజూ కాపీ తీస్తున్నానంటారుగా. ఇంకేమిటి భయం?"

బ్యాకప్ గారు చెంచా ఆపారు. "కాపీ తీస్తున్నాను. తీసినదాన్ని ఎప్పుడూ వెనక్కి తెచ్చి చూడలేదు."

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. "అంటే మూడేళ్ళుగా ఒక డబ్బాలో ఏదో పోసి మూత పెడుతున్నారు. ఒక్కసారీ మూత తీసి చూడలేదు. అంతేనా?"

"అంతే," అన్నారాయన. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా రెండు గొడుగులూ తీసుకుని బయలుదేరారు.

కంపెనీ ఇద్దరన్నదమ్ములది. అన్నగారు ఒక్క లారీతో మొదలుపెట్టి అంతా తన చేతుల మీదుగా కట్టుకొచ్చారు. ఇప్పటికీ ఏ బల్ల ఎక్కడుండాలో, ఏ గుమాస్తా ఎన్నింటికి టీ తాగాలో ఆయనే చెప్పాలి. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. తమ్ముడుగారు చిన్నాయన. కాగితాల మీద భాగస్తుడే గానీ ఆఫీసుకి ఎప్పుడో ఒకసారి వచ్చి, అందర్నీ పిల్లల చదువులు అడిగి, వరండాలో కుండీలకి నీళ్ళు పోసి వెళ్ళిపోతారు. మేనేజరు పెద్దాయన కనబడితే లేచి నిలబడేవాడు. చిన్నాయన కనబడితే మాత్రం ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకునేవాడు.

ఇంకో సంగతి ఉంది. అది బ్యాకప్ గారికీ, గోదాములో పనిచేసే ఇంజనీరు అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో ఉన్న పాత సర్వరు పొద్దస్తమానం వేడెక్కి మూలుగుతూ, ప్రతి పనీ తన మీదుగానే జరగాలని పట్టుబడుతుంది కాబట్టి దానికి వాళ్ళిద్దరూ పెద్దాయన అని పేరు పెట్టుకున్నారు. గోదాములో ఏ పనీ లేకుండా చల్లగా కూర్చున్న కొత్త సర్వరు చిన్నాయన. ఎగతాళికైనా మర్యాద తప్పకూడదని "వచ్చారు, లేచారు" అనే మాట్లాడుకునేవారు.

డ్రిల్లు ఏ రోజో ఆఫీసులో ఎవరికీ తెలియదు. "ముందే చెప్తే అందరూ సిద్ధమైపోతారండీ. నాక్కూడా చెప్పొద్దు. హఠాత్తుగా ఆపేయండి," అని మేనేజరే ఎప్పుడో సంతకం పెట్టి, సంతకంతో పాటు ఆ సంగతిని కూడా కాగితం మీదే వదిలేశాడు.

సరిగ్గా ఆ రోజే అసలు పెద్దాయన ఆఫీసుకి రాలేదు. కంట్లో శుక్లం తీయించుకోవడానికి తెల్లవారగానే కంటి ఆసుపత్రికి వెళ్ళారు. ముసలివాడైపోయాడనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ చెప్పనని తమ్ముడి చేత ఒట్టు కూడా వేయించుకున్నారు.

కౌంటర్లు తెరిచే వేళకి బ్యాకప్ గారు సర్వరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపల ఆవిరి పట్టినట్టుగా ఉంది. పాత సర్వరు ఎప్పటిలాగే మూలుగుతోంది. ఆయన గుండె చిక్కబట్టుకుని దాన్ని ఆపేశారు. మూలుగు సన్నబడి, ఒక నిట్టూర్పులా సాగి, ఆగిపోయింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండడం ఆయన ఎన్నడూ వినలేదు. ఎందుకో గొంతు పూడుకుపోయింది.

ఆ గదిలో ఫోను పలకదు. అందుకని నడవలోకి వచ్చి, రిసెప్షన్ వెనక కిటికీ పక్కన నిలబడి గోదాముకి ఫోన్ చేశారు.

"అమ్మా, పెద్దాయన పోయారు," అన్నారు పూడుకుపోయిన గొంతుతోనే. "ఇప్పుడే. నా కళ్ళ ముందే. ఒక్కసారి మూలిగి ఆగిపోయారు. లేదమ్మా, ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మేనేజరు గారికి కూడా తెలియనివ్వకు. ముందు చిన్నాయన్ని లేపి కూర్చోబెట్టు. అన్నీ ఆయన చేతిలోకి వచ్చాక అప్పుడు చెప్దాం. ఈలోగా బయటికి పొక్కితే గోలగోలైపోతుంది."

కిటికీకి అవతల రిసెప్షనిస్టు కొయ్యబారిపోయింది. మంచి మనిషే గానీ ఏ విషయమూ కడుపులో దాచుకోలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఎదుట చూసేసరికి కంప్యూటరు తెర నల్లబడి ఉంది. పక్క బల్ల మీదది కూడా నల్లబడింది. కౌంటర్లలో అన్నీ అంతే. "అయ్యో, అప్పుడే అన్నీ ఆపేశారు," అనుకుని, ఇక ఆగలేక మేనేజరు గదిలోకి పరుగెత్తింది.

మేనేజరు మొదట నమ్మలేదు. పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఆపేసి ఉన్న ఫోను పలకలేదు. ఇంటికి చేశాడు, ఎవరూ ఎత్తలేదు. అప్పుడు బ్యాకప్ గారిని పిలిపించాడు. పెద్దాయన ఇంట్లో ఫోను మొరాయించినా, టీవీ రాకపోయినా వెళ్ళి చూసేది బ్యాకప్ గారే కాబట్టి, ఆయన ఆ సమయంలో అక్కడ ఉండడంలో మేనేజరుకి వింతేమీ కనబడలేదు.

"ఏమండీ, పెద్దాయన..." అని మేనేజరు మాట మింగేశాడు.

డ్రిల్లు సంగతి మేనేజరుకి తెలిసిపోయిందని బ్యాకప్ గారు చిన్నబుచ్చుకున్నారు. "మీదాకా వచ్చేసిందా? కాసేపు గుట్టుగా ఉంచుదామనుకున్నానండీ."

"నిజమేనన్నమాట! మీరు దగ్గరే ఉన్నారా?"

"పక్కనే ఉన్నానండీ. చెయ్యి వేసి చూశాను కూడా. ఇంకా వేడిగానే ఉన్నారు."

"బాధపడ్డారా?"

"అబ్బే, స్విచ్ ఆపినట్టు పోయారు," అన్నారు బ్యాకప్ గారు, ఉన్నమాటే చెబుతూ.

మేనేజరు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "మరి ఇప్పుడు కంపెనీ గతేమిటి?"

"మీరేం దిగులు పెట్టుకోకండి. చిన్నాయన వచ్చేస్తున్నారు. కాసేపట్లో అన్నీ ఆయనే చూసుకుంటారు. కస్టమర్లకి తేడా కూడా తెలియదు."

మేనేజరు తను ఇన్నేళ్ళుగా చిన్నాయనకి ఒక్కసారైనా కుర్చీ వేశాడా అని మనసులో వెతుక్కున్నాడు. దొరకలేదు. బ్యాకప్ గారు అటు వెళ్ళగానే చిన్నాయనకి ఫోన్ చేశాడు.

"అయ్యా, అన్నయ్యగారి విషయం..."

"నీకెలా తెలిసిందయ్యా?" అన్నారు చిన్నాయన కంగారుగా. "ఎవరికీ చెప్పొద్దన్నాడే!"

"నిజమేనాండీ?"

"తెలిసిపోయాక దాచడమెందుకులే. నిజమే. పొద్దున్నే అయిపోయింది. చాలా తేలిగ్గా అయిపోయిందయ్యా, నొప్పి కూడా తెలియలేదు. కన్ను మూసేశారు."

"అయ్యో... అమ్మగారు తట్టుకోగలుగుతున్నారా?"

"వదినా? ఆవిడ మహా సంతోషంగా ఉంది. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నది ఇవాళ్టికి జరిగింది, పీడా వదిలింది అంటోంది. మధ్యాహ్నానికి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఈలోగా నేను ఒకసారి ఆఫీసుకి వచ్చి వెళ్తాను."

పెద్దింటివాళ్ళ గుండెలు ఎంత బండబారి ఉంటాయో మేనేజరుకి ఆ రోజే తెలిసింది. అయినా తనలో ఇంకా మానవత్వం మిగిలి ఉందని చూపించడానికి వెంటనే పనిలోకి దిగాడు. పెద్దాయన ఫొటో తెప్పించి హాల్లో బల్ల మీద పెట్టించాడు. పూలు తెప్పించాడు. కౌంటర్లు మూయించి సిబ్బందిని హాల్లోకి రమ్మన్నాడు. గోదాము ఇన్‌చార్జికి ఫోన్ చేసి, "పెద్దాయన పోయారు. అన్నీ ఆపేసి, తాళం వేసి, అందరూ ఆయన ఇంటి దగ్గరికి వెళ్ళండి," అన్నాడు. చివరగా గొంతు తగ్గించి, బోర్డులు రాసే అతనికి ఇంకో ఫోన్ చేసి, చిన్నాయన పేరుతో పెద్దాయన గది తలుపుకి సరిపడే ఇత్తడి బోర్డు ఒకటి కావాలని, అది సాయంత్రం కాదు, ఇప్పుడే కావాలని చెప్పాడు.

గోదాము ఇన్‌చార్జి అన్నీ అంటే అన్నీ అని అర్థం చేసుకునే మనిషి. లారీల ఇంజన్లు ఆపించాడు. బరువులు మోసే యంత్రాలు ఆపించాడు. కరెంటు మెయిన్ ఆపించాడు. "చిన్నాయన లేస్తున్నారండీ, ఒక్క పావుగంట ఆగండి," అని బతిమాలుతున్న ఇంజనీరు అమ్మాయిని, దుఃఖంలో మతి చలించిందనుకుని, భుజం తట్టి గేటు బయటికి పంపించాడు. గేటుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, కూలీలందరినీ లారీ ఎక్కించి పెద్దాయన ఇంటికి బయలుదేరాడు.

ఇవేవీ తెలియని బ్యాకప్ గారు కౌంటర్లలో తెరలు వెలిగాయేమో చూద్దామని హాల్లోకి వచ్చారు. సిబ్బంది మొత్తం తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వెనక గోడ దగ్గర చేతిలో పెన్ను పట్టుకుని మందుల కంపెనీ తనిఖీ అధికారిణి కూడా నిలబడి ఉంది. బల్ల మీద ఫొటో ఆయనకి జనం వీపులు అడ్డు వచ్చి కనబడలేదు. కంప్యూటర్లు లేక అందరూ ఊరికే నిలబడ్డారనుకున్నారాయన.

"చివరి క్షణంలో పక్కనున్నది వీరే," అన్నాడు మేనేజరు గద్గదంగా. "పెద్దాయన గురించి వీరు రెండు మాటలు చెప్పాలి."

బ్యాకప్ గారు ఆశ్చర్యపోయారు. తమ ముద్దుపేరు మేనేజరుకి కూడా తెలిసిపోయిందని ఒక ఆశ్చర్యం. ఇన్నేళ్ళకి సర్వరు విలువ ఆఫీసు గుర్తించిందని ఇంకో ఆశ్చర్యం. ఆయన మనసు నిండిపోయింది.

"పెద్దాయన పగలనక రాత్రనక పనిచేశారు," అని మొదలుపెట్టారు. "ఒక్క రోజు సెలవు లేదు. మనం పండగలు చేసుకుంటుంటే ఆయన ఆ ఉక్క గదిలో ఒంటరిగా ఉండేవారు. నిజం చెప్పాలంటే ఈ మధ్య బాగా నెమ్మదించారు. ఏదైనా అడిగితే కాసేపు ఆలోచించి, ఏమడిగామో మరిచిపోయేవారు. ఒక్కోసారి రెండు తగిలిస్తే గానీ కదిలేవారు కాదు. నేను తగిలించాను కూడా. తప్పలేదు."

ముందు వరసలో వెక్కిళ్ళు ఆగిపోయాయి. అందరూ తలలెత్తి చూశారు.

"అయినా భయం లేదు. ఆయన బుర్రలో ఉన్నదంతా రోజూ కొంచెం కొంచెంగా చిన్నాయనలోకి దింపేశాను," అన్నారు బ్యాకప్ గారు. రిసెప్షనిస్టు మళ్ళీ బావురుమంది. ఆయనకి జాలేసింది. "ఊరుకోమ్మా, దీనికి ఏడుస్తారా ఎవరైనా? సాయంత్రం నేనే మళ్ళీ లేపుతానుగా."

హాలు చల్లబడిపోయింది. మేనేజరు ఆయన దగ్గరికొచ్చి వీపు నిమిరాడు. "పాపం, షాక్‌లో ఉన్నారు. ఎవరైనా మంచినీళ్ళు తీసుకురండి," అన్నాడు.

మంచినీళ్ళు వచ్చేలోగా ఫోన్ మోగింది. గేటు బయట రోడ్డు మీద నిలబడి ఇంజనీరు అమ్మాయి ఏడుపు గొంతుతో మాట్లాడుతోంది. "సార్, మెయిన్ తీసేశారు. నన్ను బయటికి పంపేసి తాళం వేశారు. కాసేపు బ్యాటరీ మీద లాక్కొచ్చారు గానీ సార్, సగం లేచి పడిపోయారు!"

"ఏమిటీ!" అని అరిచారు బ్యాకప్ గారు. "చిన్నాయన కూడా పోయారా!"

ఆ మాటకి హాల్లో ఎవరో వెనకున్న కుర్చీతో సహా పడ్డారు. మేనేజరు గోడకి ఆనుకున్నాడు. బ్యాకప్ గారు మాత్రం సర్వరు గదివైపు పరుగు తీశారు. తనిఖీ అధికారిణి పెన్ను మూత తీసి ఆయన వెనకే వెళ్ళింది.

ఆ ఇద్దరూ అలా వెళ్ళారో లేదో, వీధి గుమ్మంలోంచి చేతిలో స్వీట్ల డబ్బా పట్టుకుని చిన్నాయన లోపలికి వచ్చారు.

"ఏమర్రా, అందరూ నిలబడే ఉన్నారు?" అన్నారు నవ్వుతూ. "ఎలాగూ తెలిసిపోయిందిగా, తీసుకోండి. అన్నయ్య పని శుభంగా ముగిసింది."

రిసెప్షనిస్టు కెవ్వున అరిచింది. డబ్బా అందుకోవడానికి ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు. చిన్నాయన బల్ల మీద ఫొటోని, పూలని, అందరి ముఖాలనీ మార్చి మార్చి చూశారు. ఆయన నవ్వు నెమ్మదిగా జారిపోయింది.

"ఈ పూలేమిటి?"

"అన్నయ్యగారు పోయారని మీరే కదండీ..." అన్నాడు మేనేజరు.

"పోవడమేమిటయ్యా నీ మొహం! కంట్లో శుక్లం తీసి, కన్ను మూసి కట్టు కట్టారు. ఆసుపత్రి గదిలో కూర్చుని నర్సులకి మంచాలు ఎలా సర్దుకోవాలో చెబుతున్నాడు!" అంటూ చిన్నాయన వదినగారికి ఫోన్ కలిపి అందరికీ వినబడేలా పెట్టారు.

"ఎవరది?" అని ఫోన్లోంచి గర్జన వినబడింది. "పని వేళలో ఫోన్లేమిటి? కౌంటర్లో ఎవరున్నారు?"

ఆ గొంతు వినగానే అందరికీ ప్రాణాలు లేచి వచ్చాయి. మేనేజరుకి మాత్రం ఉన్నవి పోయాయి. ఫోన్ కట్ కాగానే సర్వరు గదిలోకి దూసుకెళ్ళి బ్యాకప్ గారిని చెయ్యి పట్టుకుని నడవలోకి లాక్కొచ్చాడు. "పెద్దాయన పోయారని చెప్పారా లేదా మీరు నాతో?"

"చెప్పాను. పోయారు. ఇప్పుడు నిజంగానే పోయారు," అన్నారు బ్యాకప్ గారు. ఆయన చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. "ఇందాక నేను ఆపితే ఆగారు. ఇప్పుడు లేపితే లేవడం లేదు. అవతల చిన్నాయనకి కరెంటు లేదు. మేనేజరు గారూ, మన దగ్గర ఇప్పుడు ఒక్క సర్వరు కూడా లేదు!"

సర్వరు అన్న మాట మేనేజరు చెవిలో పడి, లోపలికి దిగి, అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక అక్కడే కింద కూర్చున్నాడు.

ఇద్దరూ కలిసి లెక్క చూసుకుంటే పరిస్థితి ఇలా ఉంది. పార్సిళ్ళ మీద నంబర్లే ఉంటాయి, చిరునామాలు సర్వరులో ఉంటాయి. అంటే గోదామంతా ఎవరివో, ఎక్కడికో తెలియని పెట్టెలు. వాటిలో ఆసుపత్రులకి వెళ్ళాల్సినవి కూడా ఉన్నాయి. ఉన్న ఒక్క ఆశా గోదాములో, చీకట్లో, తాళం వెనక ఉంది. ఆ తాళంచెవి ఇన్‌చార్జి జేబులో ఉంది. ఇన్‌చార్జి ఎంత చేసినా ఫోను ఎత్తడం లేదు. ఆ తాళం తీసినా లోపల మూడేళ్ళ కాపీలు పనికొచ్చేవో కావో దేవుడికే తెలియాలి. బ్యాకప్ గారికి పొద్దున భార్య అన్న డబ్బా మూత మాట చెవిలో గింగురుమంది.

ఇన్‌చార్జి ఫోను ఎత్తకపోవడానికి కారణం ఉంది. అతను అప్పటికి లారీ నిండా మనుషులతో పెద్దాయన గేటు ముందు నిలబడి ఏడుస్తున్నాడు. అంతలో ఆసుపత్రి నుంచి కారొచ్చి ఆగింది. ఒక కంటికి తెల్లటి కట్టుతో పెద్దాయన దిగారు. కూలీల్లో సగంమంది లారీ అవతలికి పరుగెత్తారు. మిగతావాళ్ళకి కాళ్ళు రాలేదు.

"ఎవరు పోయారర్రా?" అన్నారు పెద్దాయన రెండో కంటితో అందరినీ చూస్తూ.

"మీరేనండీ," అన్నాడు ఇన్‌చార్జి.

"ఎవరు చెప్పారు?"

"మేనేజరు గారండీ."

"ఆయన చెప్తే పోతానా? గోదాములో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. తాళం వేసేశాం."

ఆ ఒక్క మాట తన చావు కబురు కంటే ఎక్కువగా గుచ్చుకుంది పెద్దాయనకి. విశ్రాంతి తీసుకోవాలని భార్య వెనక నుంచి కేకలు పెడుతున్నా వినకుండా, పాత రోజుల్లోలా లారీ ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నారు. గోదాము గేటు తెరిపించారు. మెయిన్ వేయించారు. గేటు దగ్గర నిలబడి ఉన్న ఇంజనీరు అమ్మాయి ఆయన్ని చూసి నమస్కారం కూడా పెట్టకుండా లోపలికి పరుగెత్తింది.

ఇక్కడ ఆఫీసులో బ్యాకప్ గారు ఫోను చెవికి అదిమిపెట్టుకుని రిసెప్షన్ బల్ల ముందు నిలబడ్డారు. ఆయన చుట్టూ అందరూ మూగారు.

"ఏమ్మా, లేస్తున్నారా?"

"కళ్ళు తెరిచారు సార్."

"తర్వాత?"

"ఏదో ఆలోచిస్తున్నారు."

"ఎంతసేపు ఆలోచిస్తారమ్మా?"

"మీరు కంగారు పెట్టకండి సార్. వస్తోంది... వస్తోంది..."

రిసెప్షనిస్టు తెర ఒకసారి మినుకుమని వెలిగింది. నిన్న సాయంత్రం కౌంటరు మూసేముందు నమోదైన ఆఖరి పార్సిలు, పంపినవారి పేరు, చేరవలసిన ఇల్లు, వీధితో సహా కనబడింది. దాని కింద మొన్నటివి, అంతకు ముందువి. ఒక్క అక్షరం చెక్కు చెదరలేదు. బ్యాకప్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయినా సరిగా కనబడక జేబులోంచి రెండోది తీసి పెట్టుకున్నారు. దాంట్లోంచి కూడా అంతా మసకగానే కనబడింది. అప్పటికి గానీ తను ఏడుస్తున్నానని ఆయనకి తెలియలేదు.

ఆసుపత్రుల పెట్టెలు లారీలెక్కాక పెద్దాయన ఆఫీసుకి వచ్చారు. హాల్లో ఫొటో తీసేయడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన దాన్ని ఒక్క క్షణం చూసి, పూలు కొంచెం ఎడమవైపుకి సర్ది, తన గదివైపు నడిచారు. తలుపుకి తమ్ముడి పేరుతో ఇత్తడి బోర్డు తళతళా మెరుస్తోంది. దాన్ని బిగించిన అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ ఆయనకి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

"బాగుందోయ్," అన్నారు పెద్దాయన మేనేజరుతో. "ఇత్తడి మంచిదే వేయించావు. నేను పోయాక ఎంతసేపటికి ఆర్డరిచ్చావు?"

"మనసు మనసులో లేదండీ, సరిగ్గా గుర్తు లేదు," అన్నాడు మేనేజరు నేల చూస్తూ.

"నా పేరు తప్పులేకుండా రాయించాడన్నయ్యా," అన్నారు చిన్నాయన. "ఇన్నేళ్ళూ నా పేరు తెలియదేమో అనుకున్నాను."

పెద్దాయన నోరు తెరిచారు. ఆ తెరిచిన నోట్లోంచి రాబోయేదేమిటో మేనేజరుకి తెలుసు. సరిగ్గా అప్పుడే సర్వరు గదిలోంచి తనిఖీ అధికారిణి ముఖం తుడుచుకుంటూ వచ్చి అందరి మధ్యా నిలబడింది. బ్యాకప్ గారు మనసులోనే కాంట్రాక్టుకి వీడ్కోలు చెప్పుకున్నారు.

"ఇంతకీ ఎంత డేటా పోయింది?" అని అడిగిందావిడ. "రాత్రి తీసిన కాపీ తర్వాత, ఇవాళ కౌంటర్లు తెరిచినప్పటి నుంచి రాసినవన్నీ పోయి ఉండాలి కదా?"

"ఇవాళ ఒక్క పార్సిలు కూడా రాయలేదండీ," అన్నారు బ్యాకప్ గారు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. "అందరూ ఏడుస్తూ ఉన్నారు."

"అంటే పోయిన డేటా సున్నా," అని రాసుకుందావిడ. తర్వాత పెద్దాయనవైపు తిరిగింది. "సార్, నేను చాలా కంపెనీల్లో డ్రిల్లులు చూశాను. సర్వరు ఆపుతారు, కరెంటు ఆపుతారు, అక్కడితో సరి. రెండు సర్వర్లూ ఒకేసారి పోతే, దానికి తోడు యజమాని కూడా పోతే ఏం జరుగుతుందో సిబ్బందికి తెలియకుండా పరీక్షించినవాళ్ళని ఇదే చూడడం. నిజంగానే ఏడ్చారు సార్ వీళ్ళు! ఇది ఎవరి ఆలోచన?"

నిజం చెప్పాలంటే శుక్లం దగ్గర మొదలుపెట్టాలి. పెద్దాయన తమ్ముడి వంక చూశారు. తమ్ముడు కుండీల వంక చూశారు.

"నాదేనమ్మా," అన్నారు పెద్దాయన.

"ఆ కంటి కట్టు కూడానా?"

"అది కూడా," అన్నారాయన కట్టు సవరించుకుంటూ. "ప్రమాదంలో దెబ్బ తగిలినట్టు."

మేనేజరు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. పెద్దాయన ఒంటి కంటితో అతనివైపు చూడగానే ఆపేశాడు.

వారం తిరక్కుండా మందుల కంపెనీ కాంట్రాక్టు వచ్చింది. దాంతోపాటే తనిఖీ నివేదిక కూడా వచ్చింది. యజమాని లేని లోటు సంస్థలో ఎక్కడా కనబడలేదని, సర్వరు లేని లోటు మాత్రం అడుగడుగునా కనబడిందని, ఆ సర్వరు ఉన్న గది భరించలేనంత ఉక్కగా ఉన్నందువల్ల వెంటనే చల్లబరచవలసిందని అందులో రాసి ఉంది. పెద్దాయన కొత్త కంటితో దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత ఇత్తడి బోర్డు వృథా పోకూడదని గోదాములో రెండో సర్వరు గది తలుపుకి బిగించమన్నారు. పాత సర్వరు స్థానంలో కొత్తది కొనిపించారు. దాన్ని ఏమని పిలవాలో ఇప్పుడు ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే పెద్దాయన గదిలోని ఏసీని విప్పి తీసుకెళ్ళి పెద్దాయన గదిలో బిగించారు.